కల్నల్ బోర్డులో పేరు రాలేదు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మా వారు ఆర్మీలో లెఫ్టినెంట్ కల్నల్, సమాచార వ్యవస్థ చూసే సిగ్నల్స్ విభాగంలో ఉన్నారు. 16 ఏళ్ల సర్వీసు. పోయిన నెల కల్నల్ ప్రమోషన్ బోర్డు ఫలితాలు వచ్చాయి. ఆయన పేరు లేదు. ఆయనతో పాటు అకాడమీలో ఉన్నవాళ్లు, మా పెళ్లికి వచ్చినవాళ్లు కల్నల్స్ అవుతున్నారు. ఈయనకు కోర్సుల్లో మంచి గ్రేడ్లు వచ్చాయి, కశ్మీర్‌లో రెండుసార్లు పని చేశారు, ఎక్కడా ఒక్క మాట పడలేదు. నాలుగేళ్ల క్రితం ఒక కమాండింగ్ ఆఫీసర్‌తో పొసగలేదు, ఆయనే రిపోర్టు పాడు చేశాడని అంటున్నారు. ఒకరోజు రాజీనామా పేపర్లు పెట్టేస్తానంటారు, ఇంకోరోజు కోర్టుకు వెళ్తానంటారు, మిగతా రోజులు అసలు మాట్లాడరు. నేనూ ఆఫీసర్ల భార్యలు కలిసే లేడీస్ మీట్‌కి వెళ్లడం మానేశాను. మా మామగారు ఫోన్ చేసినప్పుడల్లా “కల్నల్ ఎప్పుడవుతాడమ్మా” అని అడుగుతారు. ఆయనకింకా చెప్పలేదు. మా వారిలో లోపం ఏమిటి? మేమేం చేయాలి?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది “లోపం ఏమిటి” అన్న ప్రశ్న. ముందు దానికే జవాబు చెబుతాను. అది తేలకుండా ఏ నిర్ణయం తీసుకున్నా కోపంలోనో అవమానంలోనో తీసుకున్నదే అవుతుంది.

మన సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్ దాకా ప్రమోషన్లు సర్వీసు కాలాన్ని బట్టి వస్తాయి. 2004 డిసెంబర్ నుంచి ఉన్న పద్ధతి ఇది: 2 ఏళ్లకు కెప్టెన్, 6 ఏళ్లకు మేజర్, 13 ఏళ్లకు లెఫ్టినెంట్ కల్నల్. తప్పనిసరి పరీక్షలు పాసై, క్రమశిక్షణ కేసులేవీ లేకపోతే బ్యాచ్ అంతా దాదాపు కలిసే నడుస్తుంది. కల్నల్ దగ్గరే మొదటిసారి ఎంపిక మొదలవుతుంది. దాన్నే నంబర్ 3 సెలక్షన్ బోర్డు అంటారు. ఆ పైన బ్రిగేడియర్‌కు నంబర్ 2, మేజర్ జనరల్‌కు నంబర్ 1, లెఫ్టినెంట్ జనరల్‌కు స్పెషల్ సెలక్షన్ బోర్డు. అంటే ఇన్నేళ్లూ అందరితో సమానంగా నడిచిన మనిషికి, 40కి దగ్గరపడుతున్న వయసులో, జీవితంలో తొలిసారి “నువ్వు ఆగు” అన్న మాట వినిపిస్తుంది. ఆ దెబ్బ అంత గట్టిగా తగలడానికి సగం కారణం ఇదే. అంతకుముందు అలవాటు లేదు.

ఎందుకు ఆపుతారు? ఒక రెజిమెంటుకు కమాండింగ్ ఆఫీసర్ (సీఓ) ఒక్కరే. మేజర్లు, లెఫ్టినెంట్ కల్నల్స్ చాలామంది. కార్గిల్ యుద్ధం తరవాత, యూనిట్లను నడిపేవాళ్ల వయసు తగ్గాలన్న ఆలోచనతో అజయ్ విక్రమ్ సింగ్ కమిటీ సిఫార్సులు వచ్చాయి. కల్నల్ పోస్టులు పెరిగాయి. కానీ ఆ పోస్టులు అన్ని విభాగాలకూ ఒకే దామాషాలో పంచలేదు. 2009లో తెచ్చిన విధానంలో ఇన్‌ఫాంట్రీకి (పదాతి దళం), ఆర్టిలరీకి (ఫిరంగి దళం) ఎక్కువ వాటా పోయింది. సిగ్నల్స్, ఇంజనీర్స్ లాంటి విభాగాల ఆఫీసర్లు దానిమీద సైనికుల కేసులు చూసే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు వెళ్లి 2015లో గెలిచారు. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మాత్రం ఆ విధానాన్ని సమర్థించింది. కాకపోతే పోరాడే దళాలకు తోడ్పడే కంబాట్ సపోర్ట్ విభాగాలకు 141 కల్నల్ పోస్టులు అదనంగా ఇమ్మని చెప్పింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఖాళీలు విభాగాల వారీగా ఉంటాయి కాబట్టి. మీ పెళ్లికి వచ్చిన ఆ స్నేహితుల్లో ఇన్‌ఫాంట్రీవాళ్లు వేరే వరసలో నిలబడ్డారు, మీ వారు వేరే వరసలో నిలబడ్డారు. ఆ రెండు వరసల్లో గీత ఒకేచోట పడదు. పోల్చుకోవాలంటే ఆయన బ్యాచ్‌లోని సిగ్నల్స్ ఆఫీసర్లతోనే పోల్చుకోవాలి. ఫలితాలు వచ్చిన రోజు ఫోన్లలో తిరిగే జాబితాను చూసి మనిషి తనను తాను కొలుచుకోవడం ఎంత అన్యాయమో మీకు చెప్పక్కర్లేదు.

ఇక బోర్డు గదిలో జరిగేది. సభ్యుల ముందుకు మీ వారు రారు, ఆయన పేరూ రాదు. ఒక్కో ఆఫీసర్‌కు ఒక షీటు ఉంటుంది. పేరు, గుర్తుపట్టే వివరాలు తీసేసి ఉంటాయి. సంవత్సరాల వారీగా కాన్ఫిడెన్షియల్ రిపోర్టుల అంకెలు, చేసిన కోర్సులు, వచ్చిన పతకాలు, శిక్షలేమైనా ఉంటే అవి. కమాండ్‌లో, అంటే దళాన్ని నడిపినప్పుడు వచ్చిన రిపోర్టులకు, కార్యాలయాల్లో చేసే స్టాఫ్ పనిలో వచ్చిన వాటికంటే బరువెక్కువ. 2009 ప్రాంతంలో తెచ్చిన లెక్క ప్రకారం నూటికి 95 మార్కులు ఇలా కాగితం మీదున్న వాటికే పోతాయి, సభ్యుల విచక్షణకు మిగిలేవి 5. కాబట్టి బోర్డులో ఎవరో పగబట్టి కొట్టేశారన్న అనుమానం పెట్టుకోకండి. ఏం జరిగినా అంతకుముందే, రిపోర్టుల్లోనే జరిగింది.

ఆ రిపోర్టుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నేను యూనిట్ నడిపిన రోజుల్లో అవి రాసినవాణ్ణే. ఒక ఆఫీసర్ గురించి ముగ్గురు రాస్తారు: ఇనిషియేటింగ్ ఆఫీసర్, రివ్యూయింగ్ ఆఫీసర్, సీనియర్ రివ్యూయింగ్ ఆఫీసర్. ఒకరి అంచనాకు మరొకరి అంచనాతో సంబంధం ఉండకూడదు. ఒక్కో గుణానికి 1 నుంచి 9 వరకు అంకె వేయాలి, చివర నాలుగు మాటల్లో మనిషిని వర్ణించాలి. దాన్ని పెన్ పిక్చర్ అంటారు. 9 అంటే అసాధారణం. 8, 7 అంటే సగటు కంటే పైన. చదవడానికి 8 మంచి మార్కే, ఇంట్లో చెప్పుకోదగ్గదే. కానీ ఎవరి కెరీర్ చెడగొట్టడానికీ ఎవరికీ మనసొప్పదు కాబట్టి 9లు ధారాళంగా పడతాయి. అలాంటప్పుడు నిజాయతీగా 8 వేసే సీఓ కింద పనిచేసిన ఆఫీసర్ నష్టపోతాడు. ఇది మన సైన్యంలోనే కాదు, ఇలాంటి రిపోర్టులున్న ప్రతి సైన్యంలోనూ ఉన్న జబ్బే. రిపోర్టు రాసిన పెద్దమనిషికి మీ వారి మీద కోపమే ఉండనక్కర్లేదు, చెయ్యి బిగువైతే చాలు. చివరికి ఎంపికైనవాడికీ కానివాడికీ మధ్య తేడా చాలాసార్లు దశాంశాల్లో ఉంటుంది. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: బోర్డు మీ వారిలో లోపం ఉందని చెప్పలేదు, ఉన్న ఖాళీలు ఆయన దాకా రాలేదని చెప్పింది. నేను ఓదార్పుకు చెబుతున్న మాట కాదిది, ఆ యంత్రం పని చేసే తీరే అది.

ఇప్పుడు ఆ నాలుగేళ్ల నాటి సీఓ విషయం. మీ వారిని ఒక్క ప్రశ్న అడగండి: “ఆ రిపోర్టు మీద మీరు సంతకం పెట్టినప్పుడు అందులో ఏముంది?” ఇనిషియేటింగ్ ఆఫీసర్ రాసిన భాగాన్ని ఆఫీసర్‌కు చూపించి సంతకం తీసుకుంటారు. సాధారణంగా సీఓనే ఆ రాసే మనిషి. అంటే ఆయన ఏం రాశాడో మీ వారు కళ్లారా చూశారు. అక్కడ 9లు, 8లు ఉండి, మాటలూ బాగానే ఉంటే, పొసగని మాట నిజమైనా రిపోర్టు పాడైందన్నది అనుమానమే. అక్కడే 7లు ఉంటే, అంతకుముందు, ఆ తరవాత వేరేవాళ్లు 9లు వేసి ఉంటే, అప్పుడు విషయం ఉంది. పైవాళ్లిద్దరూ రాసిన భాగం మాత్రం చూపించరు. ప్రభుత్వోద్యోగంలో ఉన్న మీ బంధువులెవరైనా “మాకు ప్రతి ఎంట్రీ చెప్పి తీరాలి, మీకూ అంతే” అనొచ్చు. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు అలాగే చెప్పింది, కానీ సైనికాధికారులకు అది వర్తించదని అదే తీర్పులో స్పష్టంగా రాసింది. ఆ దారిన టైం పోగొట్టుకోకండి.

విషయం ఉందని తేలితే ఫిర్యాదు చేయడం ఆయన హక్కు. అలా చేస్తే పైవాళ్ల దృష్టిలో చెడ్డవాడైపోతాడన్న భయం చాలామందిలో ఉంది. నేను ఆ భయాన్ని ఒప్పుకోను. ఆర్మీ యాక్ట్ 1950లో 27వ సెక్షన్ ఆఫీసర్ల కోసం పెట్టిందే. దాని కింద కేంద్ర ప్రభుత్వానికి స్టాట్యుటరీ కంప్లైంట్, అంటే చట్టం ప్రకారం చేసే ఫిర్యాదు, ఇవ్వొచ్చు. అంతకుముందు ఆర్మీ చీఫ్ స్థాయిలో నాన్ స్టాట్యుటరీ కంప్లైంట్ కూడా ఉంది.

కానీ ఎలా రాయాలన్నది ముఖ్యం. కొంతమంది చిత్తుప్రతులు తెచ్చి నాకు చూపించారు. పేజీలకు పేజీలు. తన త్యాగాలు, కశ్మీర్‌లో గడిపిన చలి రాత్రులు, ఎంపికైన బ్యాచ్‌మేట్ తనకంటే ఎందులో తక్కువో ఒక పట్టిక. చదువుతుంటే గుండె బరువెక్కుతుంది, కానీ వాటిలో దేనిమీదా ఫైలు చూసే అధికారి ఏమీ చేయలేడు. ఆయనకు కావలసింది ఫలానా ఏడాది, ఫలానా రిపోర్టు. అందులో అంకెలు ముందు వెనక రిపోర్టులతో ఎందుకు పొసగడం లేదు, ఇనిషియేటింగ్ ఆఫీసర్ రాసిన అంకెలకూ మాటలకూ పొంతన ఉందా, రాసిన ఆఫీసర్ కింద నియమం ప్రకారం కనీసం 90 రోజులు పనిచేశాడా, ఆ ఏడాది ఏదైనా గొడవ ఫైల్లోకెక్కిందా. రెండు మూడు పేజీలు చాలు. ఆ సీఓను తిట్టే వాక్యం ఒక్కటి కూడా వద్దు. కోపమంతా మొదటి ప్రతిలో రాసేసుకోమనండి, పంపే ప్రతిలో తేదీలు, అంకెలు ఉంచమనండి.

ఈ ఫిర్యాదుకున్న విలువ ఎక్కడుందో చాలామందికి తెలియదు. ఒక ఆఫీసర్‌ను బోర్డు మామూలుగా మూడుసార్లు చూస్తుంది: ఫ్రెష్, ఫస్ట్ రివ్యూ, ఫైనల్ రివ్యూ. మీ వారికి అయింది మొదటిది మాత్రమే. రివ్యూలో ఎంపికైతే కల్నల్ అవుతారు, కానీ తన బ్యాచ్‌లో సీనియారిటీ పోతుంది. అదే ఫిర్యాదు వల్ల ఒక రిపోర్టో, అందులో కొంత భాగమో కొట్టేస్తే, మారిన రికార్డుతో ఆయన కేసును బోర్డు ప్రత్యేకంగా మళ్లీ చూడాలి. అందులో ఎంపికైతే పాత సీనియారిటీ అలాగే ఉంటుంది. బ్రిగేడియర్ బోర్డు వచ్చేటప్పటికి ఈ తేడా చాలా పెద్దదవుతుంది.

కోర్టు మాట దీని తరవాతే. సర్వీసులోనే ఉన్న ఇలాంటి దారులు వాడుకోకుండా నేరుగా ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు వెళ్తే మామూలుగా కేసు తీసుకోరు. ఫిర్యాదుకు తుది జవాబు వచ్చినప్పటి నుంచి ఆరు నెలల్లోపు వెళ్లాలి. జవాబే రాకుండా ఆరు నెలలు గడిస్తే కూడా వెళ్లొచ్చు. తేదీలు ఒక డైరీలో రాసి పెట్టుకోండి, ఆ పని మీరే చేయొచ్చు. ట్రిబ్యునల్ ఏం చేస్తుంది, ఏం చేయదు అన్నది కూడా తెలిసి ఉండాలి. ఫలానా ఆఫీసర్ మెరుగైనవాడని బోర్డు బదులు తాను తేల్చదు. ప్రమోషన్ హక్కు కాదు, ప్రమోషన్‌కు న్యాయంగా పరిశీలించడమే హక్కు. పరిశీలించిన పద్ధతిలో తప్పుంటే మాత్రం కోర్టులు గట్టిగానే నిలబడతాయి. 2023లో మహిళా ఆఫీసర్ల కోసం ప్రత్యేకంగా కల్నల్ బోర్డు పెట్టి 108 మందిని ఎంపిక చేశారు. మిగిలినవాళ్లు, తమ రిపోర్టులను ఏ ఏడాది వరకు లెక్కలోకి తీసుకున్నారన్న కటాఫ్ మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ ఏడాది నవంబర్‌లో కోర్టు ఆ కటాఫ్ తప్పని చెప్పి బోర్డును మళ్లీ పెట్టమంది. “మేం మంచి ఆఫీసర్లం” అని వాదించి ఉంటే ఆ ఫలితం వచ్చేది కాదు.

పేపర్లు పెట్టేయడం గురించి మాత్రం నా మాట సూటిగా వినండి. ఇప్పుడు వద్దు. ఆఫీసర్‌కు పెన్షన్ రావాలంటే మామూలుగా 20 ఏళ్ల క్వాలిఫైయింగ్ సర్వీసు (పెన్షన్‌కు లెక్కలోకి వచ్చే సర్వీసు) ఉండాలి. ఆయనకు 16. ఇంకో నాలుగేళ్లుంటే జీవితాంతం వచ్చే డబ్బును ఒక ఫలితాల కాగితం మీద కోపంతో వదులుకున్నట్టవుతుంది. 20 దాటాక స్వచ్ఛందంగా వెళ్లినా, వన్ ర్యాంక్ వన్ పెన్షన్ (ఎప్పుడు రిటైరైనా ఒకే హోదాకు, ఒకే సర్వీసుకు ఒకే పెన్షన్) విషయంలో ఒక చిక్కుంది. 2015 నవంబర్ 7 నాటి ఉత్తర్వు, ఇకపై సొంత కోరికపై ముందే వెళ్లిపోయేవాళ్లకు అది వర్తించదంది. దానిమీద కేసులు నడిచాయి, కాబట్టి నిర్ణయం తీసుకునే రోజున తాజా పరిస్థితి ఏమిటో సంబంధిత ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఇంకో సంగతి. అమెరికాలో 1980 నాటి చట్టం ప్రకారం రెండుసార్లు ప్రమోషన్ తప్పిన కెప్టెన్ గానీ మేజర్ గానీ మామూలుగా ఇంటికి పోవాల్సిందే. మన దగ్గర అలా లేదు. మూడు అవకాశాలూ పోయినా 54 ఏళ్ల వరకు సర్వీసులో ఉండొచ్చు. 26 ఏళ్ల సర్వీసుకు టైం స్కేల్ మీద, అంటే ఎంపిక లేకుండా సర్వీసు కాలాన్ని బట్టి, కల్నల్ హోదా వస్తుంది. 22వ ఏట ఆఫీసర్‌గా కమిషన్ పొంది ఉంటే అది 48వ ఏట. జీతంలో తేడా కూడా మనసులో ఊహించుకున్నంత ఉండదు. ఏడో వేతన సంఘం పట్టికలో లెఫ్టినెంట్ కల్నల్ మూలవేతనం 1,21,200 రూపాయల దగ్గర మొదలైతే, కల్నల్‌ది 1,30,600 దగ్గర. మిలిటరీ సర్వీస్ పే ఇద్దరికీ ఒకటే. నిజంగా పోయేది యూనిట్ కమాండ్. దానికోసమే మీ వారు ఇన్నేళ్లూ కష్టపడ్డారు. ఆ బాధ నిజమైనది, దాన్ని డబ్బు లెక్కలతో తగ్గించబోకండి.

ఫస్ట్ రివ్యూలో రావడం కష్టమే, ఆ మాట దాచను. ఖాళీల ఒత్తిడి అలాగే ఉంటుంది. కానీ అప్పటికి రికార్డులో కనీసం ఒక కొత్త రిపోర్టు చేరుతుంది, మారేది అదొక్కటే. ఆ రిపోర్టు ఈ నెలల్లోనే తయారవుతోంది. పేరు రాలేదని తెలిసిన ఆఫీసర్ ఈ నెలల్లో పని ఎలా చేస్తాడో ఆయన సీఓ తప్పకుండా గమనిస్తాడు. నేనూ గమనించేవాణ్ణి. చేదు మింగి, తన కింద ఉన్న జవాన్ల సెలవు ఫైళ్లను అంతకుముందులాగే సాయంత్రంలోపు తేల్చి పంపే ఆఫీసర్‌కు 9 వేయడానికి నాకెప్పుడూ చెయ్యి వణకలేదు.

ఈ వారాల్లో ఎవరో ఒకరు లెఫ్టినెంట్ జనరల్ ఎస్.కె. సిన్హా గారి కథ చెప్పి ఓదారుస్తారు. 1983లో ఆర్మీ చీఫ్ పదవికి ఆయన్ను దాటి జనరల్ వైద్యను తీసుకున్నారు. సిన్హా గారు రాజీనామా చేశారు, తరవాత నేపాల్‌లో రాయబారి అయ్యారు, అస్సాం, జమ్మూ కశ్మీర్‌లకు గవర్నర్‌గా పనిచేశారు. గొప్ప మనిషే. కానీ ఆ ఉదాహరణ మీకు పనికిరాదు. చీఫ్‌ను ఎంచుకోవడం ప్రభుత్వ నిర్ణయం, ఆయన అప్పటికి సర్వీసు చివర్లో ఉన్నారు. మీ వారికి 54 వచ్చేసరికి ఇంకా ఒకటిన్నర దశాబ్దం ఉంది. రెండు రివ్యూలూ అయిపోయాక దాన్ని ఎలా వాడుకోవాలన్నది అప్పుడు తీరిగ్గా ఆలోచించొచ్చు. సిగ్నల్స్ ఆఫీసర్‌కు టెలికాం, సైబర్ రంగాల్లో బయట మంచి విలువ ఉంది. రిటైరయ్యే సైనికులకు బయట ఉపాధికి తోడ్పడే రీసెటిల్‌మెంట్ డైరెక్టరేట్ ద్వారా ఐఐఎంలలో చేసే ఆరు నెలల కోర్సులున్నాయి.

మాట్లాడని రోజుల గురించి. కొన్ని వారాల మౌనం సహజం. కానీ నిద్ర పూర్తిగా పోవడం, తాగుడు పెరగడం, “నేను లేకపోయినా మీకు గడుస్తుంది” లాంటి మాటలు వినిపిస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. మిలిటరీ ఆసుపత్రిలో సైకియాట్రిస్టు ఉంటారు. ఆయన అక్కడికి వెళ్లడానికి జంకితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, ముందు మీరే మాట్లాడండి. తెలుగులోనూ మాట్లాడతారు.

మీరు లేడీస్ మీట్‌కి వెళ్లండమ్మా. మొదటి రోజు ఇబ్బందిగానే ఉంటుంది. ఎవరో ఒకరు జాలిగా చూస్తారు, ఇంకొకరు మాట మారుస్తారు. కానీ ఆ గదిలో ఉన్న పెద్దవాళ్లలో ఇదే దారిలో నడిచినవాళ్లు తప్పకుండా ఉంటారు, మీరు కనబడితేనే వాళ్లు మీతో మాట్లాడగలరు.

మీ మామగారికి చెప్పాల్సింది మీరు కాదు, ఆయన కొడుకు. ఈ ఆదివారమే ఫోన్ చేయించండి. “నాన్నా, మొదటి బోర్డులో రాలేదు, ఇంకో రెండుసార్లు చూస్తారు, ఒక రిపోర్టు మీద ఫిర్యాదు చేయాలా వద్దా అని చూస్తున్నాను” అంటే చాలు. అంతకంటే ఎక్కువ వివరం ఆయన అడిగితే, ఈ ఉత్తరం చదివి వినిపించండి.